తువ్వాళ్ళ మీద కుట్టిన తేదీ

నా మనవరాలిని నది సెలవుల కోసం ముందే కడుపులోంచి లాగేశారు. ఇందులో వాదించడానికేమీ లేదు. జులై వస్తే మా ఊళ్ళో స్తోమత ఉన్నవాడెవడూ ఇంటిపట్టున ఉండడు. అరగ్వాయా నదికి పోతారు. వానల్లేక నీళ్ళు తగ్గి తేలిన ఇసుకమేటల మీద గుడారాలు వేసుకుని, బీరు తాగుతూ, చేపలు కాల్చుకుంటూ నెలంతా అక్కడే. డాక్టర్ హెయిటోర్ కూడా పోవాలి. ఆయన పోవాలంటే ముందు పిల్ల పుట్టాలి. పుట్టించాడు.

మా ఊళ్ళో ఆడవాళ్ళు కనడానికి రెండు ఆసుపత్రులున్నాయి. ఒకటి కొండ మీది ప్రైవేటు ఆసుపత్రి. అక్కడికి పదిమంది వెళ్తే తొమ్మిది మందిని కోస్తారు. పదో మనిషి డాక్టరు వచ్చేలోపే కారులో కనేసి ఉంటుంది. రెండోది సర్కారువాళ్ళ పెద్దాసుపత్రి. అక్కడ కొయ్యడానికీ తొందరపడరు, మంచం ఇవ్వడానికీ తొందరపడరు.

నా భార్య ఆల్జీరా మా అమ్మాయిని పెద్దాసుపత్రిలోనే కన్నది. నొప్పులకి అరిస్తే నర్సు వచ్చి, "చేసుకునేటప్పుడు అరిచావా? ఇప్పుడెందుకు అరుపులు?" అందట. ఆల్జీరా ఈ సంగతి ప్రతి పండక్కీ నవ్వుతూ చెప్పేది. మా అమ్మాయి మార్లూసియా ఒక్కసారీ నవ్వలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళకి ఆల్జీరా గుండె జబ్బుతో అదే ఆసుపత్రి వరండాలో, చక్రాల బల్ల మీద, లోపల మంచం ఖాళీ అవడం కోసం చూస్తూ చూస్తూ పోయింది. సెలైన్ సీసా తగిలించడానికి కొక్కెం లేక నేను చేత్తో పట్టుకుని నిలబడ్డాను. ఆమె తల దగ్గర గోడకి ఆకుపచ్చ రంగు పెచ్చులూడుతూ ఉండేది. ఆ ఆసుపత్రిని నేను క్షమించలేదు. ఎప్పటికీ క్షమించను. కాని అది చేసిన పాపం వేరు. ఇది వేరు.

మార్లూసియా మొగుడు వాండెర్సన్ చక్కెర మిల్లులో పని చేస్తాడు. మిల్లువాళ్ళు ఇంటిల్లిపాదికీ వైద్యం కార్డు ఇచ్చారు. వాళ్ళ వంశంలో కార్డు చూసిన మొదటి తరం ఇదే. అతని తల్లి జురేమా ఆ కార్డుని చేత పట్టుకుని ఊరంతా తిరగలేదు గాని, తిరిగినంత పని చేసింది. కోడలికి నెల తప్పిందని తెలిసిన రోజే, "మా ఇంటి బిడ్డ కొండ మీదే పుడుతుంది," అని చాటింది.

జూన్‌లో ఒక ఆదివారం వాళ్ళింటికి భోజనానికి పిలిచారు. కోడికూర, మా అడవుల్లో కాసే పెకీ కాయలు వేసి వండిన అన్నం. తినడం అయ్యాక జురేమా ఒక అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులోంచి చిన్న చిన్న చేతి తువ్వాళ్ళు తీసి వరసగా పరిచింది. ప్రతిదాని మూలన గులాబీ దారంతో లివియా అని పేరు, కింద తేదీ.

"చూడండి బెలార్మీనో గారూ, గోయానియా పట్నం నుంచి తెప్పించా. పిల్లని చూడ్డానికి వచ్చినవాళ్ళకి తలా ఒకటి. ముట్టుకోండి, ఎంత మెత్తగా ఉందో."

"పుట్టని పిల్లకి పుట్టినరోజు ఎలా కుట్టించారండీ?"

"డాక్టరు ఇచ్చాడుగా. నెలాఖరు మంగళవారం."

"పిల్లకి చెప్పాడా?"

వాండెర్సన్ పకపకా నవ్వాడు. "మావయ్యగారూ, మీరింకా ఆ కాలంలోనే ఉన్నారు. ఇప్పుడు నొప్పులొచ్చేదాకా ఎవరు కూర్చుంటున్నారండీ?"

మార్లూసియా ఒక తువ్వాలు తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. దారం మీద వేలితో రాస్తూ అంది, "నాకైతే ఇంకా ఏమీ తెలియట్లేదు నాన్నా. పిల్ల కూడా కిందికి దిగలేదు. ఇంకొన్నాళ్ళు చూద్దామని ఉంది. నొప్పులు వాటంతటవే వస్తే..."

"వస్తే? మెడకి పేగు చుట్టుకున్న పిల్లని పెట్టుకుని నొప్పుల కోసం కూర్చుంటావా?" అంది జురేమా.

"పేగు చుట్టుకుందని ఎవరన్నారు?" అన్నాను.

"ఇంకెవరంటారు? డాక్టరు. పోయిన నెల స్కానింగులో చూసి చెప్పాడు."

"పోయిన నెల చుట్టుకున్నది నెలాఖరు మంగళవారం దాకా ఆగుతుందా?"

"ఆగుతుందనేగా ఆయన ధైర్యం చెప్పాడు."

"ఇన్నాళ్ళు ఆగింది ఇంకో రెండు వారాలు ఆగదా?"

 జురేమా తువ్వాళ్ళు మడతపెట్టడం మొదలుపెట్టింది. గట్టిగా, చప్పుడయ్యేలా మడతపెట్టింది. నేను నా జీవితమంతా పశువుల దొడ్డిలో పాలు పితికినవాణ్ణి. అది ఆమెకి బాగా గుర్తుంది.

"మా కోడలు మీ దొడ్లో ఆవు కాదు బెలార్మీనో గారూ."

"ఆవైతే ఇంత తొందర పెట్టేవాళ్ళం కాదు జురేమా గారూ."

"అయితే ఏం చేద్దామంటారు? పెద్దాసుపత్రికి తీసుకుపోదామా? ఆల్జీరా గారిని తీసుకుపోయినట్టు?"

మార్లూసియా తల వంచుకుంది. ఆ మాటతో అంతా తేలిపోయింది. ఆ మాట కోసమే నా భార్య చచ్చిపోయినట్టు, జురేమా దాన్ని సమయం వచ్చేదాకా దాచుకుని, అన్నం తిన్న బల్ల మీద తీసింది.

మార్లూసియా గేటు దాకా వచ్చింది. చెయ్యి నడుం మీద పెట్టుకుని నడుస్తోంది.

"నాన్నా, నేను ఆ వరండాలో పడుండలేను."

"వరండాకి పొమ్మనట్లేదు తల్లీ. ఆగమంటున్నా. నొప్పులొచ్చాక కొండ మీదికే పో."

"నొప్పులొచ్చేసరికి ఆయన ఉండడు నాన్నా. నదికి వెళ్తున్నాడు. సెలవులయ్యాక గాని రాడు."

"ఆయన లేకపోతే ఇంకో డాక్టరు లేడా?"

"అక్కడ ఎవరి డాక్టరు వాళ్ళకే. తేదీ లేకుండా నొప్పులతో వెళ్తే ఎవరూ ముట్టుకోరు. పెద్దాసుపత్రికే పంపిస్తారు."

"ఆయనే అన్నాడా, నదికి వెళ్తున్నానని?"

"అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. 'లివియా నన్ను చేపలు పట్టనివ్వాలి కదా' అన్నాడు." గేటు గడియ తీస్తూ, "నాకు మాత్రం పిల్ల తనంతట తను రావాలని ఉంది నాన్నా. అమ్మ ఉంటే ఏదో ఒకటి చేసేది," అంది.

అమ్మ ఉంటే జురేమా చేత ఆ తువ్వాళ్ళు తినిపించేది. ఆ మాట నేను అనలేదు. మంగళవారం వస్తానన్నాను.

మంగళవారం పొద్దున కొండ మీదికి వెళ్ళాను. ఆసుపత్రి వెనక ఆవరణలో పెద్ద బండి, దానికి తగిలించిన పడవ. కొత్త అల్యూమినియం పడవ, ఎండకి మెరుస్తోంది. పడవలో మడత కుర్చీలు, ఐసు పెట్టె, గాలాల కర్రలు తాళ్ళతో బిగించి ఉన్నాయి. వాండెర్సన్ దాని పక్కన నిలబడి ఫోటో దిగాడు.

"డాక్టరుగారి పడవండీ మావయ్యగారూ! దీని ఇంజనే మన ఇల్లంత ఖరీదు."

లోపల మార్లూసియా గదికి వెళ్ళాను. తలుపుకి గుడ్డతో కుట్టిన ఎలుగుబంటి బొమ్మ, దాని పొట్ట మీద లివియా పేరు. ఆసుపత్రికే మంగలమ్మాయిని పిలిపించి జుట్టు ఉంగరాలు చేయించారు. పెదాలకి రంగు, కనురెప్పలకి నలుపు. కొయ్యడానికి తీసుకెళ్ళే మనిషిని పెళ్ళికి తయారుచేసినట్టు చేశారు. పొద్దుటినుంచి ఆకలితో ఉంచారు. నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది.

"ఇప్పటికీ తన్నుతోంది నాన్నా," అంది.

తర్వాత మమ్మల్ని ఇంకో గదిలోకి పంపారు. చూసే గది అన్నారు. సోఫాలు, బెలూన్లు, బల్ల నిండా కోడిమాంసం కూరిన బజ్జీలు, చీజ్ ఉండలు, రంగునీళ్ళు. ఒక గోడంతా గాజు. గాజు పాలలా తెల్లగా ఉంది, అవతల ఏముందో కనిపించదు. యూనిఫాం వేసుకున్న అమ్మాయి ఒకతె చేతిలో మీట పట్టుకుని నిలబడింది. సమయం రాగానే మీట నొక్కుతుందట, గాజు తేటబడుతుందట, పుట్టుక కళ్ళారా చూడొచ్చట.

జురేమా అక్కచెల్లెళ్ళు, వాళ్ళ పిల్లలు, మిల్లులో వాండెర్సన్ స్నేహితులు, అందరూ దిగారు.

"ముందు వరస నానమ్మలకి!"

"మరి తాతకి?"

"తాత నిలబడే అలవాటున్న మనిషి. దొడ్లో నిలబడీ నిలబడీ గట్టిపడ్డాడు."

"ఆ బజ్జీలు ఇటు పంపవే, పిల్ల పుట్టేలోపు చల్లారిపోతాయి."

మీట పట్టుకున్న అమ్మాయి, "రెడీ!" అంది. అందరూ ఫోన్లు ఎత్తారు. కొత్త సంవత్సరం రోజు లెక్కపెట్టినట్టు పైనుంచి కిందికి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. గాజు తేటబడింది.

నాకు ఫోను లేదు. వట్టి కళ్ళతో చూశాను.

నా కూతురు నీలం గుడ్డ కింద పడుకుని ఉంది. రెండు చేతులూ రెండు వైపులా చాపి కట్టేశారు. ముఖం మావైపు తిప్పమని చెప్పినట్టున్నారు. తిప్పి, నవ్వుతోంది. ఒళ్ళు మాత్రం లాగినప్పుడల్లా బల్ల మీద అటూ ఇటూ ఊగుతోంది. గుడ్డకి ఇవతల డాక్టరు చేతులు మోచేతుల దాకా లోపలున్నాయి. పిల్లని తీశాడు. తీసి, పెద్ద చేప దొరికినవాడు ఫోటోకి ఎత్తినట్టు, గాజు వైపు ఎత్తి పట్టుకున్నాడు.

మెడ ఖాళీగా ఉంది.

ఇది ఊహించి రాస్తున్నది కాదు. పేగు బొడ్డు దగ్గర మొదలై తిన్నగా కిందికి, తల్లి వైపు వేలాడుతోంది. మెడ చుట్టూ ఏమీ లేదు. చిన్న మెడ. మొత్తం పిల్లే చిన్నది. చూపించడానికి ఎత్తారు గాని చూపించేంత పిల్ల కాదు. ఒళ్ళు ఎర్రగా లేదు, నేరేడు పండు రంగులో ఉంది. నోరు తెరుస్తోంది, మూస్తోంది. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పీక్కుపోతున్నాయి. ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. దొడ్లో నెలలు నిండని దూడల్లో ఆ తీరు చూశాను. ఎలా ముగుస్తుందో కూడా చూశాను.

గాజు మళ్ళీ తెల్లబడింది.

అందరూ చప్పట్లు కొట్టారు. ఆట అయిపోయిందనుకున్నారు. ఎవరో, "ఇంకోసారి! ఇంకోసారి!" అన్నారు. తక్కినవాళ్ళు అందుకున్నారు. మీట అమ్మాయి నవ్వు ముఖంతోనే, "పాపని తుడిచి తీసుకొస్తారండీ, ఈలోపు తినండి," అంది. తిన్నారు. జురేమా కళ్ళు తుడుచుకుని, పెట్టె తెరిచి, తువ్వాళ్ళు పంచడం మొదలుపెట్టింది.

నేను బయటికి వచ్చాను. నడవ చివర ఇద్దరు ఆడమనుషులు చక్రాల మీద గాజుపెట్టె తోసుకుంటూ వెనక తలుపు వైపు పరుగెత్తుతున్నారు. పెట్టెలో నా మనవరాలు. వెంట పరుగెత్తాను. అంబులెన్సు డ్రైవరు కాఫీ గ్లాసు కింద పారేసి తలుపు తీశాడు.

"ఎక్కడికి?"

"పెద్దాసుపత్రికి. ఊపిరి మిషను ఇక్కడ లేదండీ."

"ఇన్ని సోఫాలున్నాయి."

"సోఫాలున్నాయి," అన్నాడు డ్రైవరు.

వెనక దారికి పడవ అడ్డంగా ఉంది. డ్రైవరు ముందుకీ వెనక్కీ తిప్పి, గోడ రాసుకుంటూ, ఆ పడవనీ దాని యజమానినీ నోటికొచ్చినట్టు తిడుతూ బయటపడ్డాడు. నేను ముందు సీట్లో కూర్చున్నాను. వెనక నర్సు చేత్తో సంచి పిసుకుతూ పిల్లకి గాలి ఊదుతోంది. దారి పొడుగునా అంతే.

పెద్దాసుపత్రిలో ఏమీ మారలేదు. అదే వరండా, అదే ఆకుపచ్చ గోడ. "ఎవరు నువ్వు? తాతవా? తాతలకి లోపలేం పని? బయట నిలబడు," అంది అక్కడి నర్సు. ఆల్జీరా పడుకున్న చోటే నిలబడ్డాను. ఆ చోట ఇప్పుడు ఇంకెవరో ముసలాయన పడుకుని ఉన్నాడు. ఆయన సీసా ఆయన మనవడు పట్టుకున్నాడు.

కాని పిల్లని లోపలికి తీసుకున్నారు. మిషను పెట్టారు. ఆ నోటి దురుసుతనంతోనే, ఆ విసురుతోనే, ఆ చేతులే పిల్లని బతికించాయి. అందుకని నేను వాళ్ళకి దణ్ణం పెట్టలేదు. అది వాళ్ళ పని. ఆల్జీరాకి కూడా చెయ్యాల్సిన పనే.

చాలాసేపటికి ఒక డాక్టరమ్మ బయటికొచ్చింది. చిన్న వయసు, కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి.

"ఊపిరితిత్తులు ఇంకా తయారవలేదండీ. ఇంకొన్నాళ్ళు లోపలుంటే ఈ బాధ ఉండేది కాదు. ఎందుకు తీశారు?"

"మెడకి పేగు చుట్టుకుందన్నారు."

ఆమె ఒక రకంగా నవ్వింది. "మా దగ్గర రోజూ అలా పుడుతూనే ఉంటారు. బయటికి రాగానే వేలితో తప్పిస్తాం. అంతే. ఏటా జులై ముందు ఇంతేనండీ. కొండ మీంచి దిగుతూనే ఉంటారు." మళ్ళీ లోపలికి పోయింది.

వాండెర్సన్ వచ్చాడు. పొద్దున పడవ పక్కన ఫోటో దిగిన మనిషి కాదు. ముఖం పీక్కుపోయింది. ఫోను నా చేతికిచ్చాడు. అవతల మార్లూసియా. కోసి కుట్టిన కడుపుతో కొండ మీద ఉంది. పాలు పడుతున్నాయి, తాగడానికి పిల్ల లేదు. తువ్వాళ్ళు తీసుకోవడానికి మాత్రం చుట్టాలు వస్తూనే ఉన్నారట.

"నాన్నా, ఎలా ఉంది?"

"ఊపిరి తీస్తోంది."

"నీకు కనిపిస్తోందా?"

"తలుపుకున్న అద్దంలోంచి కనిపిస్తోంది."

 తర్వాత అడిగింది, "నాన్నా, పేగు చుట్టుకునుందా? నువ్వు చూశావా?"

"చూశా. లేదు. మెడ ఖాళీగా ఉంది."

"సరే," అంది. ఫోను పెట్టేసింది.

లివియా బతికింది. గొట్టాలు ఒక్కొక్కటే తీశారు. ఇంటికి వచ్చింది. ఎండాకాలం ఎర్ర దుమ్ము లేస్తే ఈల వేసినట్టు ఊపిరి తీస్తుంది. ముఖానికి గొట్టం మూత పెట్టి మందుపొగ పట్టాలి. పిల్లకి అది ఆట అనుకోవడం నేర్పారు.

ఏడాది పుట్టినరోజు ఘనంగా చేశారు. మిల్లువాళ్ళ హాలు మాట్లాడారు. నిలువెత్తు కేకు, గాలిబొమ్మలు, మైకు. అందరికంటే ముందు బల్ల దగ్గర, జురేమా పక్క కుర్చీలో, డాక్టర్ హెయిటోర్ కూర్చున్నాడు. ఆయన్ని పిలిచారు. పిలవడమే కాదు, మొదటి కేకు ముక్క ఆయనకే పెట్టారు. ఆయన బండి బయట ఉంది. పడవ తగిలించే ఉంది. తెల్లారి నదికి ప్రయాణం.

గోడ మీద వీడియో వేశారు. తెల్ల గాజు, లెక్కపెట్టడం, తేటబడటం, డాక్టరు పిల్లని ఎత్తడం. గాజు మళ్ళీ తెల్లబడే ముక్క లేదు. కత్తిరించేశారు. దాని తర్వాత లివియా గులాబీ గౌనులో నవ్వుతున్న బొమ్మ వచ్చింది. హాలంతా చప్పట్లు.

మార్లూసియా మైకు తీసుకుంది. "డాక్టరుగారు లేకపోతే మాకు లివియా లేదు," అంది. "మెడకి పేగు రెండు చుట్లు చుట్టుకుని ఉంది. ఒక్క రోజు ఆలస్యమైతే ఏమయ్యేదో. మా నాన్న దగ్గరుండి చూశాడు. చెప్పు నాన్నా."

మైకు నా ముందుకు వచ్చింది. నేను అడిగి తెచ్చుకోలేదు.

"మెడ ఖాళీగా ఉంది," అన్నాను.

మైకులో అన్నాను కాబట్టి అందరికీ వినబడింది. డాక్టరు అందరికంటే ముందు నవ్వాడు.

"బెలార్మీనో గారి కళ్ళు ఇంకా మంచివే! అంత దూరం నుంచి, గాజులోంచి మెడ కనబడిందా? ఈసారి మాతో నదికి రండి. చేపలు ఎక్కడున్నాయో మీరే చూపిద్దురు గాని."

హాలు హాలంతా నవ్వింది. జురేమా అయితే కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వింది. సంగీతం పెట్టారు.

మార్లూసియా నా మోచెయ్యి పట్టుకుని హాలు వెనక వంటగదిలోకి లాక్కుపోయింది. గిన్నెలు కడుగుతున్న ఆడమనిషిని బయటికి పంపింది. లివియా చంకలో ఉంది, తల్లి చెవిపోగు పీకుతోంది. ఊపిరి సన్నగా ఈల వేస్తోంది.

"ఎందుకన్నావు నాన్నా?"

"చెప్పమన్నావు. చెప్పాను. నీకు ఆ రోజే చెప్పాను."

"ఆ రోజే విన్నాను. మర్చిపోయాననుకున్నావా?" గొంతు తగ్గించింది. "మెడ ఖాళీగా ఉంటే నన్నెందుకు కోసినట్టు? ఇది అన్నాళ్ళు ఆ పెట్టెలో గొట్టాలతో ఎందుకు పడున్నట్టు? పడవ కోసమా? చెప్పు, పడవ కోసమేనా? రోజూ దీనికి మందుపొగ పట్టేటప్పుడు నేను అది తలచుకుంటూ పట్టాలా?"

లివియా గుప్పిట్లోంచి చెవిపోగు విడిపించాను.

"నాకు పేగు కావాలి నాన్నా. చుట్టుకునే ఉంది. రెండు చుట్లు. నువ్వు ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తకు. నా ఇంట్లోనే కాదు, ఎక్కడా ఎత్తకు. ఎత్తితే దీన్ని నీకు చూపించను."

అని, ముఖం కడుక్కుని, పెదాల రంగు సరిచేసుకుని, పిల్లని చంకన వేసుకుని హాల్లోకి వెళ్ళిపోయింది. కిటికీలోంచి చూశాను. డాక్టరు లివియాని ఎత్తుకుని ఫోటో దిగుతున్నాడు. రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాడు, అచ్చం ఆ రోజులాగే.

నేను వెనక తలుపులోంచి ఇంటికి నడిచి వచ్చేశాను. పడవ పక్కనుంచే దారి. ఉమ్మేశాను. పడవ మీదే పడింది.

నా కూతురు అడిగింది కాబట్టి ఊరుకుంటాను. ఎవరినీ క్షమించి కాదు. కొండ మీదివాణ్ణీ కాదు, కింద వరండాలో వాళ్ళనీ కాదు, తువ్వాళ్ళు కుట్టించినదాన్నీ కాదు. ఉన్నది ఉన్నట్టు ఒక్కసారి రాశాను. ఇక దీని గురించి ఎవరు అడిగినా, లివియాయే పెద్దదై వచ్చి అడిగినా, నేను మాట్లాడను.